సంతకానికి అర్హత

రాజోలు,
3 జులై 2023.

చి. ఝాన్సీకి,

మావయ్య ఆశీస్సులు. వైజాగ్ మీ సెంట్రల్ లాబ్‌కి వెళ్లే శాంపిళ్ల ఐసు డబ్బాలో ఈ ఉత్తరం పెడుతున్నాను. ఫారాలుండే ప్లాస్టిక్ కవర్లో అడుగున చూడు. జవాబు ఖాళీ డబ్బా తిరిగొచ్చేటప్పుడు అందులోనే పెట్టు. ఫోన్ మాత్రం చెయ్యొద్దు. పగలు మీ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు. సాయంత్రం అయితే మీ అత్త పక్కనే ఉంటుంది. ఈ సంగతి ఆవిడకి ఇంకా తెలియదు.

హెడ్డాఫీసు సర్క్యులర్ వచ్చింది. 2025 జూన్ 30 తర్వాత పీజీ ఉన్నవాళ్లే లాబ్ రిపోర్టుల మీద సంతకం పెట్టాలట. విదేశాల్లో మన రొయ్యలు కొనేవాళ్లు ఆడిట్‌లో అడిగారట. పీజీ లేనివాళ్లు ఫీల్డ్ అసిస్టెంట్లుగా మారతారు. అంటే బండేసుకుని చెరువుల వెంట తిరిగి, సీసాల్లో నీళ్లు పట్టి తెచ్చివ్వడం. ఏడాదికోసారి కాంట్రాక్టు.

నేను ఈ లాబ్‌లో చేరింది 2006లో, బీయస్సీ మీద. పదిహేడేళ్లలో నా సంతకం లేకుండా ఇక్కణ్నుంచి ఒక్క రిపోర్టూ బయటికి పోలేదు. నలభై మూడేళ్ల వయసులో బండి మీద సీసాలు మోయడం నాకు ఇష్టం లేదు. అందుకని అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్‌లో చేరిపోయాను. పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట వరకూ క్లాసులు. రెండున్నర నుంచి లాబ్. మీ అత్తతో డ్యూటీ వేళలు మారాయని చెప్పాను.

మొదటిరోజు క్లాసులోకి వెళ్లగానే ఇరవై రెండు మంది పిల్లలూ లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. నేను చివరి బెంచీకి వెళ్లి కూర్చున్నాక కూడా వాళ్లు కూర్చోలేదు. ఇంతలో అసలు లెక్చరర్ వచ్చాడు. నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేరా అండీ?"

"కాదండి. రోల్ నంబరు ఇరవై మూడండి."

ఆ రోజు ఆయన పాఠం సరిగ్గా చెప్పలేకపోయాడు. 

నీ ఎమ్మెస్సీ నోట్సులు ఉంటే పంపు. బయోస్టాటిస్టిక్స్ ముఖ్యంగా. మీ అమ్మకి చెప్పకు. అక్కకి చెబితే మైకులో చెప్పినట్టే.

మావయ్య,
లోవరాజు


విశాఖపట్నం,
7 జులై 2023.

మావయ్యకి నమస్తే.

మీ ఉత్తరం ఫారాలతో పాటు మా మేనేజర్ చేతికి వెళ్లబోయి తప్పింది. ఇకమీదట కవరు మీద నా పేరు రాయండి.

ఒక సంగతి దాచకూడదు. ఆ సర్క్యులర్ టైప్ చేసింది నేనే. మేనేజర్ చెప్పారు, నేను కొట్టాను. నెల రోజులుగా నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దని అన్నారు. రెండు లాబ్‌ల్లో కలిపి పీజీ లేకుండా సంతకం పెడుతున్నవాళ్ల జాబితా కూడా నేనే తయారుచేశాను. ముగ్గురున్నారు. మీ పేరు మూడోది.

మీరు చేరడం చాలా మంచి పని. ఇంకో రెండేళ్లు ఆగితే ఈ సీట్లకి కూడా పోటీ ఉంటుంది. నాలుగు నోట్సులు పంపుతున్నాను. బయోస్టాటిస్టిక్స్ నాకూ అంతంతమాత్రమే. ఎమ్మెస్సీ పిల్లలకి ప్రాక్టికల్స్ నేర్పినవారు మీరు. నాకు ప్లేటు మీద పెరిగే బాక్టీరియాలో పచ్చ కాలనీకీ పసుపు కాలనీకీ తేడా చూపించింది మీరే కదా. మీకు డిగ్రీ ఇవ్వడానికి వాళ్లకే మొహమాటంగా ఉండాలి.

ఝాన్సీ


రాజోలు,
22 జనవరి 2024.

చి. ఝాన్సీకి,

మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. నాలుగు పేపర్లు పాస్. బయోస్టాటిస్టిక్స్ పోయింది. ముప్ఫై ఒకటి వచ్చాయి, నలభై రావాలి. మళ్లీ కట్టాను.

ఇంట్లో తెలిసిపోయింది. బట్టలు ఉతకడానికి తీస్తుంటే చొక్కా జేబులో హాల్‌టికెట్టు దొరికింది. మీ అత్త దాన్ని తడవకుండా పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"ఏవండీ, ఈ ఫొటోలో ఉన్నది మీరేనా?"

"నేనే."

"డ్యూటీ మారిందని ఆర్నెల్లు పొద్దున్నే క్యారేజీ కట్టించుకున్నారు కదండీ."

"ఆయ్."

"బడికెళ్లే పిల్లాడికని చెప్తే ఒక గుడ్డు ఎక్కువ పెట్టేదాన్ని కదండీ బాబూ!"

పక్కింటి సువార్తమ్మ గారు గోడమీంచి విని నవ్వారు. మర్నాటికి వీధంతా తెలిసింది. ఇప్పుడు సాయంత్రం లాబ్‌కి వచ్చే రైతులు కూడా "మాస్టారూ, హోంవర్కు అయిందా అండీ?" అంటున్నారు. ముప్ఫై ఒకటి సంగతి మాత్రం మీ అత్తకి చెప్పలేదు.

క్లాసులో యశ్వంత్ అని ఐనవిల్లి కుర్రాడు ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. బస్సులో నాకు లెక్కలు చెప్తాడు. నేను వాడికి లాబ్ పని చెప్తాను. వాడు నన్ను అంకుల్ అంటాడు. పరీక్ష హాల్లో మాత్రం బ్రదర్ అని పిలిచి స్కేలు అడిగాడు.

లోవరాజు


విశాఖపట్నం,
2 ఫిబ్రవరి 2024.

మావయ్యకి నమస్తే.

ముప్ఫై ఒకటి గురించి బెంగ వద్దు. నాకు రెండోసారికి వచ్చింది.

ఇక్కడి సంగతి వేరు. మా లాబ్‌లో పదకొండు మందిమి ఉన్నాం. కిందటి నెల చేరిన ఇద్దరికీ పీహెచ్‌డీ ఉంది. ఒకామె నా కింద పనిచేస్తుంది, నా తప్పులు నాకే మర్యాదగా మెయిల్ చేస్తుంది. మేనేజర్ మీటింగులో "ఎమ్మెస్సీ అంటే ఇప్పుడు గేటుపాస్ లాంటిది" అన్నారు. అందరూ నవ్వారు. ఎమ్మెస్సీ వాళ్లం కాస్త ఆలస్యంగా నవ్వాం. ఇక్కడ ఎవరూ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోరు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఎవరో ఒకరు ఆన్‌లైన్ కోర్సు వింటూ ఉంటారు.

నేనూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాను. కొత్త విషయం మొదలుపెట్టే తీరిక లేదు కాబట్టి నా ఎమ్మెస్సీ ప్రాజెక్టునే పొడిగిస్తున్నాను. అందులోంచి ఒక పేపరు ప్రచురణకి తీసుకున్నారు కూడా.

మీ పాత నోట్‌బుక్కులన్నీ ఇంకా లాబ్‌లోనే ఉన్నాయా? ఊరికే అడిగాను.

ఝాన్సీ


రాజోలు,
11 నవంబర్ 2024.

చి. ఝాన్సీకి,

శుభవార్త. స్టాటిస్టిక్స్ పాసయ్యాను. యాభై రెండు. ఇక మిగిలింది ప్రాజెక్టు. మార్చిలో సమర్పించాలి, మేలో వైవా. జూన్ 30 లోపు అయిపోతుంది.

మా గైడ్ కేశవరావు గారు. రిటైరైన ప్రొఫెసరు, కచ్చితమైన మనిషి. ఏం చేద్దామనుకుంటున్నారని అడిగారు. గోదావరి వైనతేయ పాయ పక్క చెరువుల్లో నీటి ఉప్పదనం, అందులో పెరిగే విబ్రియో బాక్టీరియా లెక్క, ఏ నెల ఎలా మారుతున్నాయో చెప్తానన్నాను. డేటా ఎక్కణ్నుంచి తెస్తారన్నారు. పద్దెనిమిదేళ్లుగా రోజూ రాస్తున్న పుస్తకాలున్నాయండీ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని "అలాంటివి యూనివర్సిటీల్లో కూడా లేవండీ" అన్నారు. ఆ మాట విన్నాక తిరుగు బస్సులో రాజోలు దాకా నిలబడే వచ్చాను, సీటు ఉన్నా.

నీకు తెలుసుగా, ఏటా ప్రాజెక్టుల కాలం వస్తే పీజీ పిల్లలు మన లాబ్‌కి వస్తారు. టీ ఇప్పించి ఒక పుస్తకం చేతికిస్తాను. చూసి రాసుకుని తిరిగిచ్చేస్తారు. పదిహేను మందికైనా ఇచ్చి ఉంటాను. ఇప్పుడు అవన్నీ మొదటిసారి నాకోసం తీశాను. రీడింగుల పక్కన ఆ రోజు చెరువు ఎలా ఉందో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసేవాణ్ని. వాటినే వరసగా పెడితే ప్రాజెక్టు సగం అయిపోతుంది.

2012 పుస్తకం ఒక్కటి లేదు. లాక్‌డౌన్‌లో నువ్వు పట్టుకెళ్లావు. అప్పట్లో తీయించిన జిరాక్స్ ఉంది కాబట్టి పని ఆగదు. కానీ అసలు పుస్తకం చూపిస్తే బాగుంటుంది. డబ్బాలో పెట్టి పంపు.

లోవరాజు


విశాఖపట్నం,
15 నవంబర్ 2024.

మావయ్యకి నమస్తే.

2012 పుస్తకం వెతికాను. ఇల్లు మారినప్పుడు పోయినట్టుంది. క్షమించండి.

ఇంకో మాట. పాత డేటాతో ప్రాజెక్టు చెయ్యడం ఇప్పుడు ఫ్యాషన్ కాదు. ఎగ్జామినర్లు ఒప్పుకోకపోవచ్చు. ఏదైనా కొత్త మేత గురించి మూడు నెలలు చిన్న ప్రయోగం చేసెయ్యండి. తేలిగ్గా అయిపోతుంది. నా మాట వినండి.

ఝాన్సీ


రాజోలు,
19 మార్చి 2025.

చి. ఝాన్సీకి,

నీ మాట వినవలసింది.

పోయిన బుధవారం ప్రాజెక్టు ఇచ్చాను. దాన్ని కంప్యూటర్లో వేసి, ఇంతకుముందు వచ్చిన ప్రాజెక్టులతో పోల్చి చూస్తారు. సోమవారం కేశవరావు గారు పిలిచారు. వరండాలో పిల్లలందరూ ఉన్నారు. తలుపు వేయమన్నారు.

"లోవరాజు గారూ, ఈ వయసులో ఇదేంటండీ?"

"ఏదండీ?"

"అరవై ఒక్క శాతం అండీ. పది దాటకూడదు."

స్క్రీన్ నా వైపు తిప్పారు. నా వాక్యాల మీద రంగులు పూసి ఉన్నాయి. ఒక్కో రంగూ ఒక్కో పాత విద్యార్థి. మొత్తం ఐదు రంగులు. ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ. నేను చెరువు గట్టు మీద నిలబడి రాసిన ఇంగ్లీషు ముక్కలు, కామాలతో సహా ఉన్నాయి. ఐదుగురూ నా పుస్తకంలోంచి దించుకున్నవాళ్లే. వాళ్లు ముందు ఇచ్చారు, నేను వెనక ఇచ్చాను. కాబట్టి కాపీ కొట్టింది నేను.

యశ్వంత్‌కి తొమ్మిది శాతమే వచ్చింది. వాడి రీడింగులు కూడా నా చెరువులవే. కానీ నాతో తిరిగి వాడే తీశాడు, వాడే రాసుకున్నాడు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం ఇమ్మన్నారు. అది నచ్చకపోతే ప్రాజెక్టు రద్దు, ఏడాది వరకూ మళ్లీ ఇవ్వడానికి లేదు. అంటే జూన్ 30 దాటిపోతుంది. దాటితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

లోవరాజు


విశాఖపట్నం,
24 మార్చి 2025.

మావయ్యకి నమస్తే.

ఉత్తరం చదివాను. ఆ ఐదుగురూ ఎవరో మీరు రాయలేదు. నేను అడగను.

ఇలాంటివి సర్దుకోవచ్చు. ఇంకో అవకాశం ఇమ్మని అడగండి. రంగు పడిన వాక్యాలన్నీ మార్చెయ్యండి. కావాలంటే నాకు పంపండి, నేను మార్చి ఇస్తాను. 2012 నుంచి 2014 వరకూ ఉన్న పట్టికలు తీసెయ్యండి. అవి లేకపోతే శాతం చాలా తగ్గుతుంది. పుస్తకాలు చూపిస్తానని మాత్రం అనకండి. అది పెద్ద విచారణ అవుతుంది, నెలలు పడుతుంది. మీకు టైము లేదు.

ఈ వారం నాకు పీహెచ్‌డీ రివ్యూ ఉంది. అందుకే క్లుప్తంగా రాస్తున్నాను.

ఝాన్సీ


రాజోలు,
4 జులై 2025.

ఝాన్సీ గారికి,

మీ సలహాకి కృతజ్ఞతలు. మూడు నెలలు జవాబు రాయనందుకు ఏమీ అనుకోవద్దు.

సమాధానం రాసిచ్చాను. కేశవరావు గారు చదివారు. ఇంకేమీ అడగలేదు. ప్రాజెక్టు రద్దయింది. విషయం అక్కడితో ముగిసింది.

జులై ఒకటి నుంచి నేను ఫీల్డ్ అసిస్టెంటుని. నా స్థానంలోకి ఎమ్మెస్సీ పాసైన అభ్యర్థి వచ్చాడు. యశ్వంత్. ఇక్కడి చెరువులు తెలిసిన పీజీ వాడు ఇంకొకడు దొరకలేదట. మొదటిరోజు నేను సీసాలు పట్టుకుని లోపలికి వెళ్లేసరికి వాడు లేచి నిలబడ్డాడు.

"అంకుల్, మీరు కూర్చోండి. నేను నిలబడి సంతకాలు పెడతానండి."

"కుర్చీ నీదిరా. కూర్చో."

"ఈ రీడింగు కరెక్టేనా అంకుల్?"

"సంతకం నీదేగా. నువ్వే చూసుకో."

అలా అని ఉండకూడదు. వాడి తప్పేమీ లేదు. వాడు మధ్యాహ్నం దాకా నావైపు చూడలేదు. సాయంత్రం నేనే వెళ్లి ఆ రీడింగు సరిచూసి ఇచ్చాను.

రోజుకి పదకొండు చెరువులు. మలికిపురం, సఖినేటిపల్లి వైపు. మీ అత్త కాపీ ఎందుకు కొట్టారని ఒక్కసారే అడిగింది. తరవాత అడగలేదు. క్యారేజీ కడుతోంది.

లోవరాజు


విశాఖపట్నం,
13 జులై 2025.

మావయ్యా,

నన్ను గారు అనకండి.

జూన్ 27న నాకు కేశవరావు గారి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "మీ ప్రాజెక్టును ఒక విద్యార్థి కాపీ చేశారు. ఆయన తప్పు ఒప్పుకున్నారు. మీరు ఇంకా చర్య కోరుకుంటున్నారా?" అని ఉంది. కింద మీరు రాసిచ్చిన కాగితం జతచేశారు. "ఝాన్సీ గారి ప్రాజెక్టు చూసి ఆమెకు తెలియకుండా నేనే రాసుకున్నాను. ఆమెతో నాకు పరిచయం లేదు." కింద మీ సంతకం. రిపోర్టుల మీద పెట్టే అదే సంతకం.

ఆ ఎరుపు రంగు నాదని మార్చిలోనే నాకు తెలుసు. అందుకే అడగనని రాశాను.

ఇప్పుడు రాసేది చదివి నన్ను ఏమన్నా పడతాను. ఆ మెయిల్‌కి అదే రోజు జవాబిచ్చాను. "చర్య అవసరం లేదు" అని. మూడు ముక్కలు. పంపేసి లాబ్‌లోకి వెళ్లి పనిచేసుకున్నాను. మీ ఉత్తరం వచ్చేదాకా ఆ జవాబు మీదే ఉన్నాను.

2020లో కాలేజీ మూసేశారు. ఏడాది పాటు నమూనాలు తీసినట్టు డేటా చూపించాలన్నారు. ఊరు దాటి చెరువుల దగ్గరికి పోనివ్వడం లేదు. అప్పుడు మీ దగ్గర 2012 పుస్తకం తీసుకున్నాను. మీరు ఎలా రాయాలో చూసుకోమని ఇచ్చారు. నేను అంకెలన్నీ దించుకుని, పైన 2012 తీసి 2020 వేశాను. మీ పేరు ఎక్కడా రాయలేదు. రాస్తే సంవత్సరం అడుగుతారు. పేపరు, పీహెచ్‌డీ అన్నీ దాని మీదే కట్టాను. పుస్తకం పోలేదు. నా బీరువాలోనే ఉంది.

మీరెందుకు అలా రాసిచ్చారో నాకు అర్థమైంది. పుస్తకాలు మీవేనని చూపిస్తే మీరు గెలుస్తారు. కానీ పక్కపక్కన పెడితే నా 2020 దొంగదని తేలుతుంది. మీ డిగ్రీయో నా డిగ్రీయో ఒకటే మిగులుతుంది.

నిన్న కేశవరావు గారికి రెండో మెయిల్ పంపాను. జరిగింది జరిగినట్టు రాశాను. మా యూనివర్సిటీకీ, మా మేనేజర్‌కీ కాపీ పెట్టాను. 2012 పుస్తకం ఈ డబ్బాలో, అట్ట తడవకుండా మూడు కవర్లలో చుట్టి ఉంది.

ఝాన్సీ


రాజోలు,
21 జులై 2025.

ఝాన్సీ,

పుస్తకం అందింది.

అడగకుండా ఎందుకు పంపావు ఆ మెయిల్? నా సంగతి నేను చూసుకున్నాను కదా. వచ్చే ఏడాది మళ్లీ రాసుకునేవాణ్ని. నీ ఉద్యోగం పోతే అక్క మొహం నేనెలా చూడాలి? ఇది రాస్తున్నది కోపంతోనే.

నువ్వు దించుకున్నందుకు కాదు. అడిగినవాళ్లందరికీ నేనే ఇచ్చాను. ఎవరి పేరు ఎక్కడ వెయ్యాలో అప్పుడు నేనూ అనుకోలేదు, వాళ్లూ అనుకోలేదు. కేశవరావు గారు రెండిటినీ పక్కపక్కన చూపించినప్పుడు నాకు కనబడింది వేరు. నవంబరు మూడు. ఉప్పదనం పద్దెనిమిది నుంచి మూడుకి పడిపోయిన రోజు. అది 2012 తుపాను. గట్లు తెగాయి. నేనూ, చెరువు కాపలా ఏసుదాసూ తాడు కట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో దిగి పట్టుకొచ్చిన సీసా అది. నువ్వు దాన్ని తీసుకెళ్లి 2020లో పెట్టావు. నా 2020 పుస్తకంలో ఆ రోజు ఏముందో తెలుసా? ఎండ. ఉప్పదనం పదహారు. వాన లేకుండా చెరువు ఉప్పదనం ఎలా పడిపోతుందే? రాసేటప్పుడు ఒక్కసారి కూడా నీకు అనుమానం రాలేదా?

అయితే నిన్ను అనే హక్కు నాకు సగమే ఉంది. నేనూ అబద్ధం మీద సంతకం పెట్టాను. పంతొమ్మిదేళ్లలో అదొక్కటే.

కేశవరావు గారు నిన్న కబురు పెట్టారు. పుస్తకాలన్నీ తెమ్మన్నారు. రెండు ఎరువుల బస్తాల్లో వేసి బండి మీద పట్టుకెళ్లాను. మూడు గంటలు చూశారు. చివరికి ఒకటే అన్నారు.

"తప్పు రాసిచ్చినందుకు మీకు చీవాట్లు పెట్టాలండి. కానీ ముందు ఈ వైవా పెట్టించాలి."

లోవరాజు


విశాఖపట్నం,
24 సెప్టెంబర్ 2025.

మావయ్యకి నమస్తే.

మీ వైవా ఆగస్టు 28న అయిందని, పాసయ్యారని అత్త ఫోన్ చేసి చెప్పింది. "మీ మావయ్యకి ఎగ్జామినర్ లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చేడంటే, ఈయన చేతులు కడుక్కోలేదని ఇవ్వలేదంటమ్మా" అంది. నిజమేనా?

నా సంగతి. కమిటీ తేల్చింది. డిగ్రీ ఆరు నెలలు నిలిపేశారు. సొంతంగా నమూనాలు తీసి కొత్త ప్రాజెక్టు ఇస్తే తిరిగి ఇస్తారు. ఇవ్వకపోతే పూర్తిగా రద్దు. పేపరు నేనే వెనక్కి తీసుకున్నాను. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోయింది. నాకు తప్పులు మెయిల్ చేసే ఆమె వచ్చి నా బల్ల మీద ఒక కాఫీ పెట్టి వెళ్లింది. తాగలేకపోయాను.

కంపెనీ ఉద్యోగంలోంచి తియ్యలేదు. చెల్లే పీజీ లేనివాళ్లు ఫీల్డ్ అసిస్టెంట్లు. సర్క్యులర్‌లో ఆ వాక్యం నేనే కొట్టాను. చోటు రాజోలు. అక్కడ ఫీల్డ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అవబోతోందట. ఎందుకు అవుతుందో నాకు తెలుసు. నా కుర్చీకి ఇక్కణ్నుంచి పంపింది మీ పేరే. పంతొమ్మిదేళ్ల అనుభవం, ఎమ్మెస్సీ.

మీరు వద్దంటారని అమ్మ అంటోంది. మేనకోడలి కుర్చీలో కూర్చోడని పందెం కూడా కాస్తోంది. మావయ్యా, ఒకసారి నాకోసం మీరు రాసిచ్చిన కాగితం ఎంత పని చేసిందో చూశాం. ఇంకోటి వద్దు. మీకు ఇష్టం లేకపోతే రాకండి. నాకోసం మాత్రం మానకండి.

ఝాన్సీ


విశాఖపట్నం,
18 నవంబర్ 2025.

చి. ఝాన్సీకి,

మావయ్య ఆశీస్సులు. అక్క పందెం ఓడిపోయింది. రమ్మని ఉత్తరం వచ్చిన రోజే ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాను. ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే ఈ కుర్చీ నాకు కావాలనిపించింది. నీదని తెలిసి కూడా కావాలనిపించింది. ఈసారి అబద్ధం రాయదలచుకోలేదు.

షేక్‌హ్యాండ్ సంగతి నిజమే. పొద్దున శాంపిళ్లు తీసి అటే వెళ్లాను.

ఇక్కడ ఉద్యోగం పరవాలేదు. మెయిల్స్ రాసే ఆమె నాకు కూడా రాస్తుంది. మొదటివారం నాలుగు తప్పులు పట్టింది. మూడు నిజమైనవే. నాలుగోదానికి ఆమెను వైనతేయ పాయకి తీసుకెళ్లి చూపించాలి. మీటింగుల్లో ఇప్పుడు కొత్త మాట వినబడుతోంది. రెండేళ్లలో డేటా సైన్సు సర్టిఫికెట్ కూడా ఉండాలంటారట. ఆ మాట ఫోన్లో చెబితే మీ అత్త "మళ్లీ క్యారేజీనా అండీ?" అంది. ఇంకా తేల్చుకోలేదు. ఫారం మాత్రం తెచ్చుకున్నాను.

నువ్వు చెరువుల్లో దిగుతున్నావని యశ్వంత్ చెప్పాడు. మొదటిరోజు బురదలో బూటు వదిలేసి వచ్చావట. రెండోరోజు నుంచి ఒట్టి కాళ్లతో దిగుతున్నావట. దిగు. నత్తగుల్లలకి కాళ్లు కోసుకుంటాయి, చూసుకో.

నీ డబ్బా నిన్న ఉదయం వచ్చింది. పదకొండు శాంపిళ్లు. పదింటి రిపోర్టుల మీద సంతకం పెట్టాను. సఖినేటిపల్లి ఏడో చెరువుది పెట్టలేదు. సీసా మీద తేదీ ఉంది, చెరువు నంబరు ఉంది, తీసిన వేళ లేదు. వేళ తెలియకపోతే ఐసులో ఎన్ని గంటలుందో తెలియదు. అది తెలియకుండా కాలనీలు లెక్కపెట్టినా అర్థం లేదు. పొద్దున ఏడయి ఉంటుందని నేను ఊహించగలను. రాయను.

సీసా తిప్పి పంపుతున్నాను. రేపు మళ్లీ దిగి తియ్యి.

మావయ్య,
లోవరాజు